రాజన్న వెనక ఎర్ర బత్తి

అయినా దేవుడికి ముఖం ఎర్రబడడమేమిటి, అదీ పట్టపగలు, నడుస్తున్న బండి మీద, అని నాలో నేనే నవ్వుకున్నాను, రోడ్డుకు రెండు వైపులా టేకు చెట్లు దగ్గరై ఎండ తెగిపోయిన చోట, మీటరు అద్దం మీద అతికించి ఉన్న వేములవాడ రాజన్న, రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్ద స్టిక్కరు, లోపల ఎవరో దీపం పెట్టినట్టు ఎర్రగా కనిపించాడు, నీడ దాటి ఎండలో పడగానే ఉత్త కాగితం, మళ్లీ నీడ రాగానే మళ్లీ ఎరుపు, వెనక సీటు మీద కట్టిన టీకాల డబ్బా గతుకు గతుక్కీ నడుముకు తగులుతోంది, ఈరోజు బుధవారం, టీకాల రోజు, గూడెంలో పదకొండు మంది పసిపిల్లలు, ఎల్లక్క ఈపాటికి అంగన్‌వాడీ ముందు చాప పరిచి తల్లులను కూర్చోబెట్టి ఉంటుంది, మా నవీన సిస్టరు తొమ్మిదింటికి వచ్చుడే అని చాటింపు వేసి ఉంటుంది, ఆమె ఆ గూడెం ఆశా వర్కరు, నేను ఏఎన్ఎంని, ఆమె నోటి మాట నా బండి చక్రాల మీద నడుస్తుంది, ఇంకా తొమ్మిది కిలోమీటర్లు, డబ్బాలో ఐసు గట్టిగానే ఉంది, ఇంజన్ పైనుంచి టకటకమని ఏదో చిన్న చప్పుడు, చైను అనుకున్నాను, వారం నుంచీ అనుకుంటూనే ఉన్నాను.

మా అత్త బాలలక్ష్మి అయితే ఈ ఎరుపును తొమ్మిది రోజులుగా చూస్తోంది, పొద్దున్నే ఇంటి సందులోంచి బండి తీసేటప్పుడు అక్కడ ఎప్పుడూ మసకే, తాళం తిప్పగానే రాజన్న భగ్గుమన్నాడు, అగో చూడు బిడ్డా దేవుడు కండ్లు తెరిసిండు అని ఆమె చేతిలో చెంబు కింద పెట్టి దండం పెట్టింది, మర్నాడు పక్కింటి వాళ్లు వచ్చారు, ఆ మర్నాడు ఎదురింటి వాళ్లు, నాలుగో రోజుకు కొబ్బరికాయ దిగింది, హ్యాండిల్‌కు పసుపు, హెడ్‌లైటుకు కుంకుమ, ఒక ముసలాయన ఎటు మొక్కాలో తెలియక ముందు టైరుకే మొక్కాడు, నేను నవ్వానా అంటే లేదు, అబద్ధం ఎందుకు, నేనూ కళ్లకద్దుకున్నాను, సూదులూ సీసాలూ జ్వరాల లెక్కలూ చూసే దాన్ని, సీసా మీది గుండ్రం లోపలి చిన్న చదరం ముదిరిందంటే వేడి తగిలినట్టే, ఎవరు ఎన్ని చెప్పినా ఆ మందు పిల్లకు వేయని దాన్ని, ఇంటి ముందుకు వచ్చేసరికి నేనూ కోడలినే కదా, మా ఆయన నరేశ్ ఒక రోజు నా బండి పట్టుకెళ్లి తిరిగి తెచ్చినప్పుడు దాని మీద ఈ రాజన్న ఉన్నాడు, నీకోసమే తెచ్చిన, అడవి తొవ్వల ఒక్కదానివి తిరుగుతవు, దేవుడు అడ్డం ఉంటడు అన్నాడు, పెళ్లయిన ఆరేళ్లలో నాకోసం ఏదైనా తెచ్చింది అదే మొదటిసారి, కరిగిపోయాను, కానీ ఇప్పుడు టేకు నీడలో ఇంజన్ నడుస్తుండగా ఈ ఎరుపు ఆరకపోవడం ఏమిటి, కాలనీ గ్రౌండులో తన పాత బండి మీద నన్ను ముందు కూర్చోబెట్టి బాపు మొదటి రోజు నేర్పింది ఇదే కదా, బిడ్డా తాళం తిప్పితే ఎర్రయి అన్ని వెలగాలె, ఇంజన్ లేస్తే ఎర్రయి అన్ని ఆరాలె, ఆరనిది ఉన్నదంటే అది నీతోని మాట్లాడుతున్నట్టు, ఇంజన్ లేచి గంట కావస్తోంది, రాజన్న ఆరలేదు, అంటే వెలుగుతున్నది రాజన్న కాదు, రాజన్న వెనక ఇంకెవరో ఉన్నారు. బ్రేకు వేశాను, తాళం తిప్పేశాను, అడవి ఒక్కసారిగా చెవుల్లోకి వచ్చింది.

ఫోను సిగ్నలు కోసం రోడ్డు పక్క రాళ్లగుట్ట ఎక్కితే ఒక్క గీత దొరికింది, నరేశ్‌కు చేశాను, కాగజ్‌నగర్‌లో సెల్‌ఫోన్ల దుకాణం ఆయనది, షట్టరు ఎత్తుతున్న చప్పుడు వినిపిస్తోంది, మీటరు మీద దేవుని బొమ్మ ఎనుక ఏమున్నది అని అడిగాను, ఏముంటది అన్నాడు, లైటు వెలుగుతున్నది అన్నాను, కాసేపు షట్టరు కూడా ఆగింది, ఓ గదా, గది సెన్సారే, ఖరాబైంది, మన మెకానిక్ ముత్యం జూసిండు, ఊకె కండ్లల్ల పొడుస్తున్నదని నేనే దాని మీద రాజన్నను అతికించిన, ఏం గాదు, నడుపు, అన్నాడు, ఎంత తేలిగ్గా అన్నాడో, ఉప్పు తక్కువైంది వేసుకో అన్నట్టు, నాకెందుకు చెప్పలే అన్నాను, చెప్తే నువ్వు బండి తీస్తవానే, మస్తు పరేషాన్ జేస్తవు, దీపం పోశం బిడ్డవాయె, అని నవ్వాడు, ఆ నవ్వు ఇంకా చెవిలో ఉండగానే గీత పోయింది, ఫోను పోయింది, నేను గుట్ట మీద అలాగే నిలబడ్డాను, ఒళ్లు మండిపోతోంది, లైటు కనబడకుండా చేసినందుకు కూడా కాదు, దేవుణ్ణి అడ్డం పెట్టినందుకు, పువ్వు బొమ్మో పులి బొమ్మో అయితే ఎప్పుడో గోరుతో గీకి పారేసే దాన్ని, ఆ సంగతి ఆయనకు తెలుసు, రాజన్న మీద నా గోరు పడదని తెలుసు, మా అత్త చెయ్యి పడదు, వీధిలో ఎవరి చెయ్యీ పడదు, చూసి చూసి అంత గట్టి మూత వెతికాడు, పైగా నీకోసం తెచ్చిన అన్నాడు, నేను కరిగాను చూడు, నన్ను అనాలి.

దీపం పోశం బిడ్డ అట, అవును, మా బాపు పోశమే, బొగ్గుబాయిలో సర్దారు, పనివాళ్లు లోపలికి పోయే ముందు గ్యాసుందో లేదో బత్తి పట్టుకుని చూడడం ఆయన పని, బత్తిలో మంట తగ్గించి పైకప్పు దగ్గరికి ఎత్తితే, గ్యాసుంటే మంట మీద నీలం రంగు టోపీ లేస్తుంది, అంతే, ఇంత నీలం, చూసేవాడికే కనబడేంత, నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక పొద్దుటి డ్యూటీలో ఆయనకు ఆ నీలం కనబడింది, నడువుండ్రి పైకి అని నలభై మందిని వెనక్కి తిప్పాడు, సగం నిమిషం కూడా ఆలోచించలేదట, పై అధికారి మీటరు పట్టుకుని మూడు గంటల తరవాత దిగాడు, అప్పటికి గాలి ఆడి ఆడి ఏమీ లేదు, మీటరు సున్నా, అందరి పూట పనీ పాడైంది, ఏం కాలే గదా పోశం, అన్నారట, మొదట అలా అన్నారు, తరవాత దీపం పోశం అన్నారు, తరవాత పెళ్లిళ్లలో, చాయ్ హోటల్లో, ఆయన కనబడితే చాలు ఎవడో ఒకడు అగ్గిపుల్ల గీసి ఆయన ముఖం ముందు పెట్టి, జర చూడు పోశం, నీలమున్నదా, అనేవాడు, ఆయనా నవ్వేవాడు, ఏం చేస్తాడు, మా అవ్వ మాత్రం మొగుడు తిట్టినందుకు కాదు తోటికోడలు నవ్వినందుకు అన్నట్టు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది, బడిలో ఆడపిల్లలు కూడా నన్ను చూసి అగ్గిపెట్టె ఆడించేవాళ్లు, అది పట్టలేకే ఒక మాపటేళ అన్నం తింటున్న ఆయన్ని అడిగాను, బాపూ, నిజం చెప్పు, ఆ దినం గ్యాసు ఉండెనా అని, చేతిలో ముద్ద అలాగే ఉంది, నా వంక చూశాడు, ఉండె బిడ్డా, అన్నాడు, రెండే మాటలు, నేను నమ్మలేదు, నా ముఖంలో అది ఆయనకు కనబడింది, మంటలో అంత నీలాన్ని చూసే మనిషికి కూతురి ముఖం చదవడం ఎంత పని, ముద్ద పళ్లెంలో పెట్టి చెయ్యి కడుక్కున్నాడు. ఆ పూట ఆయన మళ్లీ కూర్చోలేదు.

సరే, దీపం పోశం బిడ్డనే, ఏం, ఆపాను, ఆపానంటే ఆపాను, గుట్ట దిగివచ్చి బండి ముందు నిలబడి, రాజన్నా, తప్పైతే నన్నే అను, నన్నొక్కదాన్నే అను, అని చెప్పి స్టిక్కరు అంచు కింద గోరు పెట్టాను, ఒక మూల లేచింది, ఇంకో మూల, చిరగకుండా మొత్తం వచ్చింది, ఆయన్ని తీసి పెట్రోలు ట్యాంకు మీద అతికించి బొటనవేలితో గట్టిగా నొక్కాను, అక్కడ కూర్చో స్వామీ, అన్నీ కనబడతాయి నీకూ నాకూ, తాళం తిప్పాను, మీటరు మూలన చిన్న నూనె చెంబు బొమ్మ, కొంగలాంటి ముక్కు, ముక్కు చివర ఒక చుక్క, ఎర్రగా, ఏం తప్పు చేయనట్టు నా వైపే చూస్తోంది, తొమ్మిది రోజులుగా అరుస్తుంటే నోటికి గుడ్డ కట్టిన మనిషిలా ఉంది, పాపం అనిపించింది, పక్క స్టాండు మీద వంగి ఉన్న బండి కిందికి తొంగి ఇంజన్‌కున్న గాజు బిళ్లలో చూశాను, ఆయిల్ చుక్క లేదు, అప్పుడే వెనక ఒక మోపెడ్ వచ్చి ఆగింది, కాయ్ తాయీ, బండి బిఘడ్లా, పాడైందా అమ్మా, అని మరాఠీ కలిపి అడుగుతూ ఒక పెద్దాయన దిగాడు, తలకు తెల్ల రుమాలు, మోపెడ్ ముందు విత్తనాల సంచి, పేరు అంబదాస్ అట, గూడెం అవతల పత్తి చేను అట, నేను చెప్పకుండానే ఆయనా వంగి గాజులోకి చూశాడు, నూనె అయిపోయింది తాయీ, మా ఇంట్ల పల్లినూనె ఉన్నది, తేవాల్నా, అన్నాడు ఎంతో దయగా, ఇంత కోపంలోనూ నవ్వొచ్చింది, కాకా, మిర్చి బజ్జీలు వేస్తలేము, అన్నాను, బండి ఒరిగి ఉంటే లోపలి ఆయిలూ ఒరుగుతుంది, నిటారుగా నిలబెట్టి చూడాలి, ఆయనా నేనూ పట్టి పెద్ద స్టాండు వేశాం, కాసేపు ఆగి చూస్తే గాజులో పై గీత దాకా తేనె రంగు ఆయిల్, నిండుగా ఉంది, చూసినవా, ఉన్నది గద, గట్లయితె సెన్సారే, మా కొడుకు బండికి గూడ గట్లనే, అన్నాడు అంబదాస్ కాకా, మగవాళ్లందరికీ ఈ సెన్సారు అనే మాట ఎవరు పంచిపెట్టారో.

కూర్చుని తీగ పట్టుకున్నాను, మీటరు నుంచి కిందికి వచ్చే తీగ ఎక్కడైనా ఒరుసుకుపోయి ఇంజన్‌కు తగులుతుంటే కూడా లైటు వెలుగుతుంది, వేళ్లతో తడుముకుంటూ పోతే అది ఇంజన్ పక్కన చిన్న ఇత్తడి స్విచ్చి దగ్గర ఆగింది, ఊడబీకాను, పైన లైటు ఆరింది, మళ్లీ పెట్టాను, వెలిగింది, తీగ మంచిదే, అంటే మాట్లాడుతున్నది ఆ స్విచ్చే, ఇక రెండే సంగతులు, అది అబద్ధమైనా చెబుతుండాలి, నిజమైనా చెబుతుండాలి, అంతలో ఏ గాలికో ఒక గీత వచ్చినట్టుంది, ఫోను మోగింది, ఎల్లక్క, ఎక్కడున్నవు సిస్టరమ్మా, తల్లులు చేన్లకు పోతమంటున్నరు, ఎంతసేపని ఆపుత, గీ సుగుణ అయితె లేసి చెప్పులు ఏసుకున్నది, వస్తున్న ఎల్లక్కా, జర ఆపు, అన్నాను, ఫోను పెట్టాక తొమ్మిది కిలోమీటర్లు గుర్తుకొచ్చాయి, తొమ్మిది రోజులు నడిచిన బండి తొమ్మిది కిలోమీటర్లు నడవదా, ఆయిల్ నిండుగా ఉంది, ముత్యం చూశాడట, నరేశ్ ఏం గాదన్నాడు, పల్లినూనె కాకా కూడా సెన్సారే అన్నాడు, నేనొక్కదాన్నే తెలివిగలదాన్నా, బండి దించాను, ఎక్కాను, తాళం మీద చెయ్యి పెట్టి, ఏం గాదు, అన్నాను, బయటికే అన్నాను, నా నోటితో, అదే పలుకుబడి, అదే తేలిక, ఎవరో నా ముఖం ముందు అగ్గిపుల్ల గీసినట్టు అయింది, అగ్గిపుల్ల పట్టుకున్నదీ నేనే, దిగిపోయాను.

సీటు కింద పనిముట్ల సంచీలో పానా ఉంది, ఇంజన్ నెత్తిమీద ఆయిల్ పైకి వచ్చే గొట్టం బోల్టు ఉంది, ముత్యం తన షెడ్డులో ఎవరి బండికో చేస్తుంటే ఒకసారి చూశాను, బోల్టు కాస్త వదులు చేసి ఇంజన్ ఒక్క క్షణం లేపాలి, ఆయిల్ పైకి వస్తుంటే అంచుల నుంచి ఊరుతుంది, రాకపోతే ఊరదు, దాంట్లో అబద్ధం చెప్పడానికి సెన్సారూ లేదు మొగుడూ లేడు, చున్నీ చేతికి చుట్టుకుని కాలుతున్న బోల్టును రెండు చుట్లు తిప్పాను, కాకా, స్టార్ట్ బటన్ నొక్కుండ్రి, అన్నాను, ఇంజన్ లేచింది, ఒకటి, రెండు, మూడు, నాలుగు, చాలు చాలు ఆపుండ్రి, వంగి చూశాను, వేలు పెట్టి చూశాను, పొడి, నా చున్నీ ఎంత పొడిగా ఉందో అంత పొడి, కింద నిండుకుండ, పైన గుక్కెడు లేదు, అడుగున ఎంత ఉంటే ఏం లాభం పైకి ఎక్కనప్పుడు, ఆ టకటక చైను కాదు, నూనె లేని ఇనుము ఇనుమును కొరుక్కుంటున్న చప్పుడు, నేను దాని మీద కూర్చుని తొమ్మిది రోజులు తిరిగాను, వాగులు దాటాను, ఒక దినం నిండు చూలాలిని కూడా వెనక కూర్చోబెట్టుకుని వచ్చాను, అది తలుచుకుని అక్కడే రోడ్డు మీద కూర్చున్నాను, అంబదాస్ కాకా కూడా వంగి వేలు పెట్టి చూసుకుని, లైటు ఖరీ బోలీ తాయీ, నిజమే చెప్పింది, అన్నాడు, ఎంత బాగుందో ఆ మాట, ఒక్క మనిషి వేలు పెట్టి చూశాడు, అంతే, బాపు కోసం ఆ దినం వేళకు దిగి ఎవరూ వేలు పెట్టలేదు. విత్తనాల సంచి నా బండి పక్కన దింపించాను, బోల్టు బిగించాను, తాళంచెవి తీసి చున్నీ కొసకు ముడివేసుకున్నాను, టీకాల డబ్బా ఒళ్లో పెట్టుకుని మోపెడ్ వెనక ఎక్కాను.

చెప్పులు వేసుకున్న సుగుణ అంగన్‌వాడీ గేటు దాకా వచ్చేసింది, ఎదురుపడ్డాం, పోయినసారి ఎయ్యలే సిస్టరమ్మా, ఏం కాలే గదా, ఇప్పుడెందుకు, అంది బిడ్డను చంకనేసుకుని, ఇంకో రోజు అయితే ఓపికగా కూర్చుని తట్టు అంటే ఏమిటో, ఊపిరితిత్తులంటే ఏమిటో బొమ్మలు చూపించి చెప్పేదాన్ని, ఈరోజు ఆ ఏం కాలే నా చెవిలో పడగానే, సుగుణా, ఏం కాకూడదనే వేస్తున్న, అయినంక వేస్తరా, కూసో, అన్నాను, నా గొంతు నాకే కొత్తగా ఉంది, ఆమె చెప్పులు విడిచి కూర్చుంది, ప్రతి సీసా ఎత్తి చదరం చూశాను, అన్నీ తెల్లగానే ఉన్నాయి, పదకొండు మందీ ఏడ్చారు, పదకొండు ఏడుపులూ బాగున్నాయి, ఎల్లక్క చాయ్ ఇచ్చింది, ఏమైంది నీకు, ముఖం గట్లున్నది, అంది, ఏం కాలే అనబోయి ఆగాను, మాటను నోట్లోనే పెట్టుకుని కాసేపు తిప్పి చూశాను.

రెండు గంటలకు అంబదాస్ కాకా మళ్లీ బండి దగ్గర దింపేసరికి, దారిన పోయేవాళ్లెవరో ఫోను చేసి చెప్పారట, నరేశ్ దాని మీద కూర్చుని ఉన్నాడు, పక్కన ముత్యం పనిముట్ల పెట్టెతో, నరేశ్ చేతిలో ఇంటి దగ్గరి రెండో తాళంచెవి, ఆ సంగతే మరిచిపోయాను, చున్నీకి ముడివేసుకుని ఏదో ఖజానా దాచినట్టు మురిశాను, ఎవలన్న నవ్వుతరే, అడవిల బండి ఇడిసి పరాయి మోపెడ్ ఎక్కిపోయినవట, నేను నడుపుకుంట ఇంటిదాక పోత, ఏమైతదో నువ్వే చూడు, అని నరేశ్ తాళం పెట్టాడు, నేను వెళ్లి తాళం మీద చెయ్యి వేశాను, ఆయన చెయ్యి కింద ఉంది నా చెయ్యి పైన ఉంది, దిగు అన్నాను, ఏందే అన్నాడు, దిగు, అన్నాను మళ్లీ, పెళ్లయిన ఆరేళ్లలో ఆయన్ని అలా అనడం అదే మొదటిసారి, అంబదాస్ కాకా అటు తిరిగి రుమాలు సరిచేసుకున్నాడు, వదినె, సెన్సారే, మారిస్తే అయిపోతది, అని ముత్యం నవ్వబోయాడు, తమ్మీ, నెత్తిమీది బోల్టు విప్పు, విప్పి మాట్లాడు, అన్నాను, విప్పాడు, బటన్ నొక్కాడు, చూశాడు, ఇంకోసారి నొక్కాడు, నవ్వు ముఖం మీదే ఎండిపోయింది, కింద కూర్చుని ఖాళీ డబ్బా పెట్టి ఇంజన్ అడుగు మూత విప్పాడు, తేనె రంగు ఆయిలంతా ధారగా దిగింది, వెనకే ఆయిల్ వడగట్టే జాలీ బయటికి వచ్చింది, బొటనవేలంత జాలీ, దాన్నిండా నల్లటి మెత్తటి తునకలు, తోలుముక్కల్లా, రబ్బరు పేలికల్లా, లాగితే సాగుతున్నాయి, ఏంది గది, అన్నాడు నరేశ్, ముత్యం తల ఎత్తలేదు, పేస్టు అన్నా, పోయినేడు ఇంజన్ విప్పినప్పుడు ఆయిల్ కారకుండ మూతకు పెట్టిన పేస్టు, జర ఎక్కువైనట్టుంది, లోపల ఊడి జాలీకి పట్టింది, అన్నాడు, ఎవలు పెట్టిండ్రు, అన్నాను తెలిసే, నేనే వదినె, అన్నాడు, ఇంకో పది కిలోమీటర్లు పోతే ఇంజన్ పట్టేసేది, చక్రం ఆడికాడికే బిగుసుకునేది, అని చాలా మెల్లగా, జాలీకి చెబుతున్నట్టు చెప్పాడు, నరేశ్ ట్యాంకు మీద రాజన్నను చూశాడు, మీటరు చూశాడు, నేల చూశాడు, చూసి చూసి గొంతు సవరించుకుని, పోనీలే, ఏం కాలే గదా, అన్నాడు.

ఏం కాలే గదా, ఆ మాట విని కోపం రావాలి, రాలేదు, వాళ్లు జాలీ కిరసనాయిలుతో కడుగుతుంటే నేను మళ్లీ రాళ్లగుట్ట ఎక్కాను, ఒక్క గీత, బాపుకు చేశాను, రిటైరై అన్న దగ్గర మందమర్రిలో ఉంటాడు, ఎత్తగానే దగ్గు, దగ్గు వెనక ఆయన, ఏంది బిడ్డా, గీ యాళకు చేసినవు, ఏమైంది, అన్నాడు, ఏం కాలే బాపూ, అన్నాను, బండి మీద ఎర్ర బత్తి ఆరకపోతే ఆపిన, అందరు ఏం గాదన్నరు, నేను ఆపిన, ఏం కాలే, అన్నాను, అటువైపు దగ్గు ఆగిపోయింది, కింద నరేశ్ నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు, ఆయనకు ఏమీ కాలేదు కాబట్టే ఏం కాలే అనగలుగుతున్నాడు, నేను ఇక్కడ నిలబడి వినగలుగుతున్నాను, ఆ పొద్దున బాయిలోంచి పైకి వచ్చిన నలభై మందీ ఇళ్లకు పోయి అన్నాలు తిన్నారు, బిడ్డల పెళ్లిళ్లు చేశారు, ఆ పెళ్లిళ్లకే మా బాపును పిలిచి ఆయన ముందు అగ్గిపుల్ల గీశారు, నీలమున్నదా అని పొట్టలు పట్టుకుని నవ్వారు, ఆ నవ్వే కదా సాక్ష్యం, ఇన్నేళ్లూ మేం మీటరు సున్నా అని సిగ్గుపడ్డాం, నవ్వడానికి ఆ నోళ్లు మిగిలాయని ఒక్కరమూ చూడలేదు, మా అవ్వ చూడలేదు, నేను చూడలేదు, అన్నం ముద్ద పళ్లెంలో పెట్టించాను, గ్యాసు ఉండె గదా బాపూ, అన్నాను, ఈసారి అడగలేదు, చెప్పాను. గీత ఉందా పోయిందా అని చూసుకున్నాను, ఉంది, ఉండె బిడ్డా, అన్నాడు.